తొమ్మిదంగుళాల తెర, ఒక లేతాకుపచ్చ వైరు

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. పోయిన నెల 2019 మోడల్ స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. దాంట్ల మామూలు ఎఫ్‌ఎం సెట్ ఉంది. అది తీసేసి తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ సెట్ పెట్టిద్దామని కార్ డెకార్స్ షాపుకు పోతే, "బండి నడుస్తున్నా యూట్యూబ్ ఆగకుండ వచ్చేటట్టు చేసిస్తం, దానికి వేరే పైసలేం లేవు" అన్నడు. మా బామ్మర్దేమో అసలు కార్ల తెర పెట్టుడే నేరం, దొరికితే లైసెన్స్ పోతది అంటున్నడు. పదిహేను రోజులకోసారి పిల్లల్ని తీస్కొని హైదరాబాద్ పోత. తొవ్వల వాళ్లకు కార్టూన్లు పెట్టకుంటే ఊకోరు. ఇప్పటిదాక ఫోన్‌ల మ్యాప్ పెట్టి, ఫోన్ ఒళ్లె వేసుకొని నడుపుతున్న. మొన్న సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఫోన్ చేతిల పట్టుకొని తొవ్వ చూస్తుంటే ఫొటో తీసిన్రు, చలాన్ వచ్చింది. బండి ఆగే ఉంది కద, మ్యాప్‌కు పర్మిషన్ ఉంది కద? మా తమ్ముడు బైక్ ట్యాక్సీ నడుపుతడు, వాని హ్యాండిల్ మీద ఎప్పుడూ ఫోన్ ఉంటది. అది కూడ తప్పేనా? జర వివరంగ చెప్పగలరు.
— ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: మీ బామ్మర్ది మాటలో సగం నిజముంది. అసలు చిక్కు మాత్రం షాపతను ఊరికే చేసిస్తానన్న పనిలో ఉంది. కార్లో తెర పెట్టించుకోవడం నేరం కాదు. బండి కదులుతున్నప్పుడు ఆ తెర మీద ఏం నడుస్తోంది, అది ఎవరి కళ్లకు కనబడుతోంది, దాని మీద ఎవరి వేలు ఆడుతోంది అన్నవే లెక్కలోకి వస్తాయి.

ముందు తెర పెట్టడం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. ఇంజిన్, ఇంధనం, బాడీ రకం, సీట్ల సంఖ్య లాంటివన్నమాట. పాత స్టీరియో తీసి కొత్త స్టీరియో పెడితే ఆర్‌సీలో ఒక్క అక్షరం కూడా మారదు. కాబట్టి సెట్ పెట్టించినందుకే లైసెన్స్ పోతుందన్న భయం అక్కర్లేదు.

వీడియో సంగతి వేరు. కేంద్రం 2017 జూన్‌లో తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లో, నడిపేవారు నడుపుతూ సినిమాలు, వీడియోలు చూడకూడదని నేరుగానే రాసి ఉంది. దారి చూసుకోవడానికి అవసరమైన మేరకే మినహాయింపు. ఈ నిబంధనలు చట్టంలోని 118వ సెక్షన్ కింద చేసినవి కాబట్టి, మీరితే 177ఏ సెక్షన్ ప్రకారం 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా. ఇంతేనా అనిపించొచ్చు. కానీ తెర చూస్తూ నడిపిన తీరు ప్రమాదకరమని తేలితే అది 184వ సెక్షన్‌లోకి పోతుంది. అక్కడ లెక్క మారిపోతుంది: మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. కోర్టుకు పోకుండా చలాన్‌తో తేల్చుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే మీ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లో అంకె వేరుగా కనబడొచ్చు.

చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని 2019 సవరణ పేరు పెట్టి మరీ ఇదే 184లో చేర్చింది. ఎర్ర సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం పక్కనే దాన్నీ కూర్చోబెట్టింది. ఆ తర్వాత 2020 అక్టోబర్ 1 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చు, అదీ నడిపేవారి ధ్యాస చెదరకుండా. మీరు "మ్యాప్‌కు పర్మిషన్ ఉంది కద" అంటున్నది దీన్నే. పర్మిషన్ నిజమే. కానీ ఆ వాక్యంలో రెండో సగాన్ని చాలామంది చదవరు.

ఇక మీ చలాన్. ముందు దాన్ని తెరిచి ఫొటో చూడండి, బండి నంబర్ మీదేనా సరిచూసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి తేదీ కూడా చూడండి. మీరు కొనకముందు పడ్డ చలాన్లు ఆ నంబర్ మీద ఉంటే పాత ఓనర్‌తో అవి వేరుగా తేల్చుకోవాలి. ఫొటోలో మీ చేతిలో ఫోన్ కనబడుతుంది. తెర మీద మ్యాప్ ఉందో వాట్సాప్ ఉందో కనబడదు. మ్యాప్ అని వాదించే హక్కు మీకుంది. బండి ఆగి ఉందన్న వాదన మాత్రం బలహీనం. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పచ్చలైటు కోసం రోడ్డు మధ్య ఎదురుచూస్తున్న మనిషి బండి నడపడం లేదంటే ఒప్పించడం కష్టం. పైగా సిగ్నల్ దగ్గర ఫోన్ చూసినవాళ్లు వెనక హారన్ మోగితేనే తల ఎత్తుతారు. ఎత్తీ ఎత్తగానే బండి కదిలిస్తారు, ముందు నుంచి ఎవరైనా నడిచి దాటుతున్నారా అన్నది చూడరు. డబ్బు కట్టేసి ఫోన్‌కు ఒక హోల్డర్ కొనుక్కోవడమే మీకు తేలికైన దారి.

లైసెన్స్ విషయంలో మీ బామ్మర్ది చెప్పిన సగం నిజం ఇదే. చట్టంలోని 19వ సెక్షన్, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 21వ నియమం కలిపి చదివితే, డ్రైవింగ్‌లో మొబైల్ వాడినందుకు లైసెన్స్‌ను కొంతకాలం పక్కన పెట్టే అధికారం ఆర్‌టీఏకు ఉంది. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లో, ఇలాంటి తప్పులకు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. లైసెన్స్‌కు ముప్పు ఫోన్ వాడకం వల్లే తప్ప, డ్యాష్‌బోర్డులో సెట్ ఉన్నందుకు కాదు.

ఇప్పుడు షాపతని ఉచిత సేవ. కంపెనీ సెట్ల వెనక వచ్చే వైర్ల గుత్తిలో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటుకు, ఎరుపు తాళంచెవి తిప్పితే వచ్చే కరెంటుకు, నలుపు ఎర్త్‌కు. వాటితోపాటు చాలా బ్రాండ్లలో లేతాకుపచ్చ వైరు ఒకటి ఉంటుంది. అది హ్యాండ్ బ్రేక్‌ది. హ్యాండ్ బ్రేక్ లివర్ కింద చిన్న స్విచ్ ఉంటుంది. లివర్ పైకి లాగితే ఆ స్విచ్ కలిసి లైను ఎర్త్ అవుతుంది. మీటర్‌లో ఎర్రదీపం వెలిగేది దాంతోనే. లేతాకుపచ్చ వైరును ఆ లైనుకు కలిపితే సెట్‌కు కూడా హ్యాండ్ బ్రేక్ ఎప్పుడు పడిందో, ఎప్పుడు వదిలారో తెలుస్తుంది. పడితే వీడియో వస్తుంది, వదిలితే బొమ్మ ఆగి పాట మాత్రం వినబడుతుంది.

దీన్ని ఎత్తేయడానికి షాపులో చేసేది రెండు నిమిషాల పని. ఆ వైరును స్విచ్ దాకా లాగకుండా, డ్యాష్‌బోర్డు వెనకే ఒక స్క్రూ కింద నొక్కి బాడీకి ఎర్త్ చేసేస్తారు. ఇక బండి వంద మీద పోతున్నా సెట్ మాత్రం హ్యాండ్ బ్రేక్ వేసి ఉందనే నమ్ముతుంది. కొన్ని కంపెనీలు ఇది కనిపెట్టి, బ్రేక్‌ను ఒక వరసలో వేసి తీస్తే తప్ప వీడియో రాకుండా చేశాయి. దానికీ చిన్న మాడ్యూల్ తెచ్చి తగిలిస్తున్నారు. చవక ఆండ్రాయిడ్ సెట్లలో అయితే వైరుతో పని కూడా లేదు. సెట్టింగ్స్‌లో డ్రైవింగ్‌లో వీడియో అన్న చోట టిక్ పెడితే చాలు. చాలావాటిలో అది పెట్టేసే డబ్బా నుంచి బయటికొస్తుంది.

నష్టం వీడియోతో ఆగదు. ఫోన్‌లోని మ్యాప్, మెసేజ్‌లను కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో ద్వారా ఫోన్‌ను కలిపినప్పుడు, బండి కదలగానే అక్షరాల కీబోర్డు మూసుకుపోవాలి, పొడవాటి లిస్టులు తెగిపోవాలి, మెసేజ్‌లు చదివి వినిపించడానికే పరిమితం కావాలి. బయటి సెట్లలో ఈ కట్టడి కూడా ఎక్కువగా ఆ హ్యాండ్ బ్రేక్ వైరు చెప్పే మాట మీదే నడుస్తుంది. వైరును ఎర్త్ చేస్తే కీబోర్డు కూడా తెరుచుకునే ఉంటుంది. యూట్యూబ్ నేను చూడను, పిల్లలకే అని మీరు అనుకోవచ్చు. కానీ జనగామ దాటాక కొత్త అడ్రస్ టైప్ చేయాలనిపించిన క్షణంలో మిమ్మల్ని ఆపేది ఏదీ ఉండదు. తీయించిన తాళం ఒకటే, దాంతో తెరుచుకున్న తలుపులు చాలా.

టైప్ చేయడానికి ఎంత సేపు పడుతుందో లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. రెండు సెకన్లు తెర చూస్తే 44 మీటర్లు చూడకుండా పోయినట్టు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ కార్ల తెరల కోసం 2013లో ఇచ్చిన సూచనల్లో, ఒక్కో చూపు రెండు సెకన్లు దాటకూడదు, ఒక పని మొత్తానికి చూపులన్నీ కలిపి 12 సెకన్లు దాటకూడదు అన్నది హద్దు. పన్నెండు సెకన్లంటే 80 వేగంలో 266 మీటర్లు. కదిలే బండిలో, అదురుతున్న తెర మీద, ఊరి పేరు అక్షరం అక్షరం నొక్కి, తప్పు పడితే చెరిపి, వచ్చిన లిస్టులోంచి సరైనది ఎంచుకోవాలంటే పన్నెండు సెకన్లు చాలవు.

ఆ 44 మీటర్లలో మన దగ్గర ఏముంటుందో వేరే దేశాల పుస్తకాల్లో రాయరు. యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్లు, అంచున పెట్టిన బండరాళ్లు, రాత్రయితే వాటి మీద కప్పిన నల్ల పరదా. పత్తి తీసే కాలంలో ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ ట్రాలీలు, వెనక లైట్ ఉండదు, లోడు రెండు పక్కలా పొంగి ఉంటుంది. హైదరాబాద్ రోడ్డు నాలుగు లైన్లే అయినా, ఊళ్ల దగ్గర డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో బైకులు వస్తూనే ఉంటాయి. నల్ల పరదా కప్పిన వడ్ల కుప్ప హెడ్‌లైట్ వెలుతురులో ఆఖరి క్షణం దాకా రోడ్డులో కలిసిపోయి కనబడుతుంది. మామూలుగా చూస్తూ నడిపేవాళ్లకే అది కష్టం.

కాబట్టి సెట్ పెట్టించుకోండి, లేతాకుపచ్చ వైరు హ్యాండ్ బ్రేక్ స్విచ్‌కే పోవాలని చెప్పండి. "అది కలపడానికి కన్సోల్ (ముందు సీట్ల మధ్య ప్లాస్టిక్ పెట్టె) విప్పాలి, టైం పడుతుంది" అంటారు. పట్టనీయండి. దానికి ఓ మూడు నాలుగు వందలు అడిగినా ఇవ్వండి, ఆ సెట్ మీద పెట్టే ఖర్చులో అంతకంటే సరైన ఖర్చు లేదు.

బిగించే పనిలో ఇంకొన్ని చూసుకోవాలి. మీ బండికి సరిపోయే కప్లర్‌తో, అంటే వైర్లు కోయకుండా ప్లగ్‌లా దూర్చే జాయింటుతో, బిగించమనండి. బండి వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి కలిపే పని ఒప్పుకోకండి. మన ఎండలకు టేపు జిగురు కారిపోయి ఊడుతుంది, రెండు వైర్లు తాకితే ఫ్యూజ్ పోవడంతో బతికిపోతే అదృష్టం. ఫ్యూజ్ పోయిందని కొందరు దాని జాగాలో పెద్ద ఆంపియర్ ఫ్యూజ్ వేస్తారు, అలా చేస్తే వైరే ఫ్యూజ్ అయి కాలుతుంది. ఇంకో అలవాటు ఎరుపు, పసుపు వైర్లు రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చేయడం. అప్పుడు బండి తాళం తీసినా సెట్ పూర్తిగా పడుకోదు. అది ఆగకుండా ఒక్క ఆంపియర్ లాగుతూ ఉన్నా రోజుకు 24 ఆంపియర్-అవర్లు అవుతుంది. చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ. శనివారం రాత్రి పెట్టిన బండి సోమవారం పొద్దున సెల్ఫ్ తీసుకోదు. అనుమానం వస్తే బండి లాక్ చేసి అరగంట ఆగి, నెగెటివ్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్‌తో చూడమనండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింత.

నారింజ వైరు చాలామంది వదిలేస్తారు. అది హెడ్‌లైట్ లైనుకు కలిస్తే రాత్రి తెర వెలుతురు దానంతటదే తగ్గుతుంది. కలపకపోతే తొమ్మిదంగుళాల తెల్లటి వెలుగు మీ ముఖం మీద, ముందు అద్దం మీద పడుతుంది. చీకటికి అలవాటుపడ్డ కన్ను ఆ వెలుగు చూసి మళ్లీ రోడ్డు చూస్తే, లైటు లేని ట్రాలీ కనబడటానికి ఇంకొంత సమయం పడుతుంది. మ్యాప్‌ను నైట్ మోడ్‌లో పెట్టి వెలుతురును చేత్తో కూడా బాగా తగ్గించుకోండి.

కొన్ని ఫ్రేములు డ్యాష్‌బోర్డు గీత మీదికి పలకలా లేచి ఉంటాయి. బిగించకముందే సెట్‌ను ఆ జాగాలో పట్టుకోమని చెప్పి, మీరు మామూలుగా కూర్చునే తీరులో సీట్లో కూర్చోండి. బండి ముందు ఎడమ మూలకు మూడు మీటర్ల దూరంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించండి. సెట్ లేకుండా ఎంత కనబడిందో సెట్ పెట్టాకా అంతే కనబడాలి. తగ్గితే ఆ ఫ్రేము వద్దు, ఏడంగుళాలది తీసుకోండి. హజార్డ్ లైటు స్విచ్, ఏసీ తిప్పే నాబ్‌లు తెర వెనక దాగిపోకూడదు, తెరలోకి మారిపోకూడదు కూడా. చేత్తో తడిమి తిప్పగలిగే నాబ్ ఉంటే కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. యూరప్‌లో కార్లకు స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ సైతం ఇండికేటర్, హజార్డ్, వైపర్, హారన్ లాంటివాటికి చేత్తో వాడే మీటలు ఉండాలని 2026 నుంచి మార్కులు ముడిపెట్టింది. మన దగ్గర ఉన్న నాబ్‌లు పీకించుకునే తొందర అక్కర్లేదు.

రివర్స్ కెమెరా పెట్టించుకుంటే మంచిదే, కానీ దాని లైను రివర్స్ లైటుకే కలవాలి. గేరు వేస్తే రావాలి, తీస్తే పోవాలి. చవక సెట్లు పూర్తిగా లేవడానికి కొంత సమయం తీసుకుంటాయి. తాళం తిప్పగానే రివర్స్ వేస్తే తెర నల్లగా ఉండొచ్చు, లేదా పాత బొమ్మ మీదే ఆగి ఉండొచ్చు. అలాంటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూడటమే నమ్మకం.

ఇన్సూరెన్స్ వాళ్లకు సెట్ బిల్లు ఇచ్చి పాలసీలో ఎక్కించండి. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రానిక్ సామాన్లకు ఐఎంటీ-24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే అదనపు షరతు) ఉంటుంది, సాధారణంగా సామాను విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. పదిహేను వేల సెట్‌కు ఆరు వందలు. ఎక్కించకపోతే దొంగ ఎత్తుకుపోయినా, కాలిపోయినా ఆ సెట్‌కు పైసా రాదు.

పిల్లల కార్టూన్లు ముందు తెర మీద పెట్టకండి. చట్టం ఒక కారణం. ఇంకోటి, వెనక సీట్లో పిల్లలకు ముందు తెర సరిగా కనబడదు కాబట్టి బెల్టు తీసేసి, రెండు సీట్ల మధ్యలోకి వచ్చి నిలబడతారు. గట్టిగా బ్రేక్ వేస్తే నేరుగా గేరు మీదికి వచ్చి పడేది వాళ్లే. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే 194బీ సెక్షన్ కింద 1,000 జరిమానా కూడా ఉంది. వాళ్లకు ట్యాబ్ ఒకటి ముందు సీటు హెడ్‌రెస్ట్ వెనక బిగించండి. ఎలాస్టిక్ పట్టీల హోల్డర్ కాకుండా, హెడ్‌రెస్ట్ ఇనుప కడ్డీలకు స్క్రూతో బిగిసేది తీసుకోండి, అరకిలో ట్యాబ్ ఊడి ఎగిరితే చిన్న దెబ్బ కాదు. రాత్రిపూట దాని వెలుగు మీ లోపలి అద్దంలో పడుతుందేమో ముందే చూసుకోండి. ఎపిసోడ్లు ఇంట్లో వైఫైలోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, "డాడీ, ఆగిపోయింది" అన్న కేక తగ్గుతుంది. అయినా కేక వస్తే పక్క సీట్లో ఉన్నవాళ్లు చూసుకోవాలి, లేదా టోల్ దాటాక బండి పక్కకు ఆపి చూడాలి.

ఫోన్ ఒళ్లో పెట్టుకోవడం చేతిలో పట్టుకోవడం కంటే కూడా చెడ్డది. తల పూర్తిగా వంచితే గానీ అది కనబడదు, బ్రేక్ వేస్తే జారి పెడల్ కిందికి పోతుంది. హోల్డర్‌ను స్టీరింగ్‌కు ఎడమ పక్క, డ్యాష్‌బోర్డు ఎత్తులో పెట్టండి. కుడి మూలన స్తంభం దగ్గర వద్దు, మలుపుల్లో బైకులు అక్కడే దాక్కుంటాయి. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత మీద అసలే వద్దు, అది తెరుచుకుంటే ఫోన్ రాయిలా వచ్చి తగులుతుంది. అద్దానికి అంటించే రబ్బరు కప్పు మే నెల ఎండకు మెత్తబడి మధ్యాహ్నానికి ఊడుతుంది. ఎండ నేరుగా పడితే ఫోనే వేడెక్కి తెర మసకబారుతుంది. ఏసీ గాలి వచ్చే దగ్గర కొక్కెంతో బిగించే రకం మన ఎండలకు బాగా పనికొస్తుంది, ఫోన్ చల్లగా ఉంటుంది. క్లిప్‌లా నొక్కి పట్టే రకం మాత్రం ఏసీ రెక్కలు విరగ్గొడుతుంది.

గమ్యం బయల్దేరకముందే పెట్టుకోండి, గొంతు ఆన్ చేసుకోండి. "రెండు వందల మీటర్లలో ఎడమకు" అని వినబడితే తెర చూసే పని సగానికి సగం తగ్గుతుంది. మేడారం వైపు పోయేటప్పుడు తాడ్వాయి అడవిలో సిగ్నల్ పోతుంది. ఆ ప్రాంతం మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోకపోతే, సరిగ్గా మలుపు దగ్గర తెర ఆగిపోయి ఫోన్‌తో కుస్తీ మొదలవుతుంది.

డ్యాష్‌క్యామ్ పెట్టుకునే ఆలోచన ఉంటే లోపలి అద్దం వెనక దాచినట్టు బిగించి, దాని తెర నిమిషానికి ఆరిపోయేలా పెట్టండి. రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది.

మీ తమ్ముడి విషయానికి వస్తే, హ్యాండిల్ మీద హోల్డర్‌లో మ్యాప్ ఉండటం 2020 వెసులుబాటులోకే వస్తుంది. వచ్చిన రైడ్‌ను నడుస్తూ నొక్కి ఒప్పుకోవడం అందులోకి రాదు. అది దారి చూసుకోవడం కాదు. యాప్ కొద్ది సెకన్లే ఇస్తుంది కాబట్టి ఆ తొందరలోనే వేలు పోతుంది. ఒక రైడ్ పోయినా పోనీ అని ఎడమకు ఆపి నొక్కాలి, లేదా రైడ్ మధ్యలో కొత్తవి రాకుండా యాప్‌లో ఆపుకోవాలి. హెల్మెట్‌లో ఫోన్ ఇరికించి మాట్లాడే అలవాటుంటే అదీ మానాలి. చేతిలో లేదు కదా అన్న వాదన 184లో "చేతి పరికరం" అన్న మాట వరకే పనికొస్తుంది. లైసెన్స్ సస్పెన్షన్‌కు దారితీసే 21వ నియమంలో ఉన్నది "మొబైల్ వాడటం" అన్న మాటే, చేయి ఊసు లేదు. ఇంకోటి, పెద్ద ఇంజిన్ బైకుల అదురు ఫోన్ కెమెరా లోపలి స్థిరత్వ భాగాలను పాడుచేస్తుందని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. ఖరీదైన ఫోన్ అయితే అదురు తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్ కొనమనండి, లేదా నడపడానికి పాత ఫోన్ ఒకటి పెట్టుకోమనండి.

షాపులో డబ్బులిచ్చే ముందు ఇది చేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి ఏదైనా వీడియో పెట్టండి, రావాలి. బ్రేక్ పెడల్ మీద కాలు ఉంచి హ్యాండ్ బ్రేక్ వదలండి, బొమ్మ ఆగిపోవాలి. అలాగే ఫోన్‌ను ఆండ్రాయిడ్ ఆటోకు కలిపి, హ్యాండ్ బ్రేక్ వదిలాక అడ్రస్ టైప్ చేయడానికి ప్రయత్నించండి, కీబోర్డు రాకూడదు. హెడ్‌లైట్ వేసి తెర వెలుతురు తగ్గిందా చూడండి, రివర్స్ వేసి కెమెరా వచ్చిందా చూడండి. హ్యాండ్ బ్రేక్ వదిలాకా కార్టూన్ ఆడుతూనే ఉంటే, లేతాకుపచ్చ వైరు ఎక్కడికి పోయిందో ఫ్రేము విప్పి చూపించమని అడగండి.